దవడకీలు నొప్పి – రక్తములోని సాక్ష్యము

చెవికి కొంచెము ముందుగా చెంపమీద వ్రేలుంచి నోరు తెఱచి మూసినచో, చర్మము క్రింద ఎముక యొకటి మొదట తిరిగి, పిమ్మట ముందునకు జారుట స్పష్టముగా తెలియును. అదియే దవడకీలు. తలుపు బందువలె తిరుగుటయు, బల్లసొరుగువలె జారుటయు, ఈ రెండు పనులను ఒక్క కీలే చేయుచున్నది. ఎముకల నడుమ ఒరిపిడి లేకుండ పీచుతో కూడిన పలుచని బిళ్ల యొకటి అమరియున్నది. కుడిప్రక్క కీలు కదలినచో ఎడమప్రక్కది కదలక తప్పదు. ఒకదానికి సెలవిచ్చి రెండవదానితో పని గడుపుకొనుటకు వీలులేదు. నోరు మంచిదైన ఊరు మంచిదగునని లోకోక్తి. నోరు తెఱచుటయే బాధయైన వానికి ఏ యూరైన నొకటే. మాటలే జీవనాధారముగా గల రేడియోవారికి ఈ కీలు విలువ వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఈ కీలునకు వచ్చు నొప్పి యొక చిత్రమైన రోగము. దెబ్బ తగిలియుండదు, వాపు కనబడదు, ఎక్స్‌రే చిత్రములో తఱచు ఏమియు తేలదు. రోగి మాత్రము ముద్ద నమలలేడు. రోగులలో పురుషులకంటె స్త్రీలే హెచ్చు. ఇట్టి నొప్పికి కారణమేమని వైద్యులు సుమారు నూఱేండ్లుగా వాదించుకొనుచున్నారు. ఆ వాదము పండితుల పొద్దుపోకకు సంబంధించినది కాదు. కారణము పండ్లలో నున్నదని యొకడు నమ్మినప్పుడు పండ్లను అరగదీసెను. కీలులోనే యున్నదని నమ్మినప్పుడు కీలును కోసెను. అరగదీసిన పన్ను మరల పెరుగదు. కావున కారణనిర్ణయ మెట్లు జరిగినది, ఆ నిర్ణయములో మన రక్తమునకు, వంశమునకు గల పాలు ఎట్టిది అను కథను శ్రోతలకు మనవి చేయుచున్నాను.

ప్రాచీనులకు దవడ తొలగుట బాగుగా తెలియును. క్రీస్తునకు పూర్వము 1600 ప్రాంతమున ఈజిప్టులో వ్రాయబడి, నేడు ఎడ్విన్ స్మిత్ పేరుతో వ్యవహరింపబడు వైద్యపత్రములో, తొలగిన దవడను బొటనవ్రేళ్లతో అదిమి స్వస్థానమునకు చేర్చు విధానము వివరింపబడినది. గ్రీకు దేశమున హిప్పోక్రటీసు పేరిట నున్న కీళ్ల గ్రంథములోను అదియే పద్ధతి. మన సుశ్రుతుడు హనుమోక్షమను పేర దవడవ్యాధిని చెప్పెను. వాతరోగములలో హనుగ్రహమును ఆయుర్వేదము లెక్కించినది. వీరందఱు కంటికి కనబడు వికారమును చికిత్సించిరి. కంటికి కనబడని నొప్పి మాత్రము 20వ శతాబ్దివఱకు పేరులేనిదిగానే యుండెను.

దానికి పేరు పెట్టినవాడు దంతవైద్యుడు కాదు. అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున జేమ్స్ కాస్టెన్ అను చెవి, ముక్కు, గొంతు వైద్యుడు 1934లో 11 మంది రోగుల వృత్తాంతమును ప్రకటించెను. చెవిలో హోరు, చెవిదిబ్బడ, తలతిరుగుట, తలనొప్పి, నాలుక మంట, వీనితో వారు తన యొద్దకు వచ్చిరి. చెవిలో దోషము లేదు. వారిలో పలువురకు వెనుకపండ్లు ఊడిపోయియుండుట కాస్టెన్ గమనించెను. వెనుకపండ్లు లేనందున దవడ అవసరమునకు మించి మూసుకొని, కీలుతల వెనుకకు నొక్కుకొని, అచ్చటి నరములను ఒత్తుచున్నదని ఆయన సిద్ధాంతము. వినుటకు ఎంతయు సమంజసముగా నుండెను. కాస్టెన్ సిండ్రోము అను పేరు వెంటనే వ్యాపించెను. దానివెంట పండ్ల యెత్తు పెంచుటయు, కుట్ట సరిచేయుటయు, ఎత్తైన పండ్లను అరగదీయుటయు వ్యాపించెను.

పదునాలుగేండ్ల పిమ్మట 1948లో హారీ సిషర్ అను శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు ఆ నరములున్న తావును, కీలుతల పోగల తావును సరిచూచి, కాస్టెన్ చెప్పిన ఒత్తిడి కలుగుటకు అవకాశమే లేదని చూపించెను. సిద్ధాంతము పోయినది, చికిత్స మాత్రము పోలేదు. వైద్యములో ఇది తఱచు జరుగునదే. 1950 దశకమున న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయములో లాస్లో ష్వార్ట్జ్, నొప్పి కీలుదికాదు, దానిని కదలించు కండరములదనియు, మనస్సులోని ఉద్వేగము కండరములను బిగించుచున్నదనియు వాదించెను. 1969లో డేనియల్ లాస్కిన్ ఆ వాదమును ఇంకను బలపఱచెను. మంచి మాటయే, కాని వ్యవహారములో అది వేఱొక రూపము దాల్చినది. నొప్పితో వచ్చిన స్త్రీకి, “ఇది మీ మనస్సులోనిది, ఊరకనే పోవును” అని చెప్పి పంపుట సులభమయ్యెను. మఱొకవైపు శస్త్రవైద్యులు కీలులోని బిళ్లనే తప్పుపట్టి, 1980 దశకమున దానికి బదులుగా టెఫ్లాను కలిసిన కృత్రిమపు బిళ్లలు పెట్టిరి. అవి నమలెడి బలమునకు చితికి, వాని తునకలు చుట్టునున్న ఎముకను తినివేసెను. 1990–91 నాటికి అమెరికా ప్రభుత్వపు ఆహార ఔషధ శాఖ వానిని ఆపించవలసి వచ్చెను. అప్పటికే బిళ్లలు పెట్టించుకొనినవారిలో అనేకులు మొదటి నొప్పికంటె పెద్ద నొప్పితో మిగిలిరి.

పండ్లు, కీలు, కండరము, మనస్సు – అన్నియు నోటి చుట్టునున్నవే, లేదా తలలోనివే. రక్తమును చూడవలయునన్న తలంపు ఈ వైద్యులకు చాలకాలము కలుగలేదు. కాని కీళ్లకును రక్తమునకును గల సంబంధము అప్పటికి నూఱేండ్లకు ముందే ఒక తండ్రియు, ఒక కుమారుడును చూపియుండిరి. ఆ యిద్దఱి కథ చెప్పక ఈ ప్రసంగము సాగదు.

తండ్రి ఆల్‌ఫ్రెడ్ బేరింగ్ గారడ్, లండనులో వైద్యుడు. ఆ కాలమున ధనికుల రోగముగా పేరొందిన గౌటు, మన ఆయుర్వేదమున వాతరక్తమని చెప్పుదానికి దగ్గఱగా నుండునది, కాలి బొటనవ్రేలి కీలును అగ్నివలె మండించును. 1848లో గారడ్ ఆ రోగుల రక్తములో యూరిక్ ఆమ్లము అధికముగా నుండుట నిరూపించెను. అంతటితో ఆగక, ఏ వైద్యుడైనను ఇంటిలో చేసికొనదగిన పరీక్ష యొకటి కల్పించెను. రోగి రక్తమునుండి తీసిన తేటను వెడల్పైన గాజుపళ్లెరములో పోసి, కొంచెము వెనిగరు పులుపు కలిపి, అందులో నారబట్ట పోగు నొకదానిని వేసి ఒకటి రెండు దినములు కదపక ఉంచవలయును. యూరిక్ ఆమ్లము అధికముగా నున్నచో, కలకండ దారమునకు పలుకులు పట్టినట్లు ఆ పోగునకు స్ఫటికములు పట్టును. ఒక కీలు బాధకు రక్తములోని ఒక రసాయనమును సాక్షిగా నిలబెట్టిన తొలి పరీక్షలలో ఇది ఒకటి. పలుకులు పట్టిన ఆ పోగును తలచుకొన్నపుడెల్ల, నేటి కోట్ల రూపాయల యంత్రములకు అదియే ముత్తాతయని నాకు తోచును.

కుమారుడు ఆర్చిబాల్డ్ గారడ్ 1857లో జన్మించెను. అతని దృష్టి నాకర్షించినది ఇంకను అరుదైన వికారము. కొందఱు పసిబిడ్డల మూత్రము గాలి తగిలిన కొలది నల్లబడును. పొత్తిగుడ్డలు సిరా పడినట్లగును. దీనిని ఆల్కాప్టన్యూరియా యందురు. పేగులలోని క్రిములవలన కలుగునని ఆనాటి వైద్యుల యభిప్రాయము. గారడ్ ఎఱిగిన యొక కుటుంబమున 1901లో మఱొక బిడ్డ పుట్టినపుడు, ఆ పొత్తిగుడ్డలను మొదటినుండి కనిపెట్టి చూడుమని దాదికి చెప్పెను. పుట్టిన కొలది దినములలోనే నలుపు కనబడెను. అంత త్వరగా క్రిములు చేరుట ఎట్లు? అది పుట్టుకతో వచ్చినదే కావలయును. మఱియు ఆ తలిదండ్రులు తోబుట్టువుల బిడ్డలు. ఇట్టి బిడ్డల తలిదండ్రులలో దగ్గఱి బంధువుల పెండ్లిండ్లు లోకసామాన్యముకంటె చాల హెచ్చుగా నుండుట గారడ్ గమనించెను. మెండెలు బటానీ మొక్కలలో కనుగొన్న వంశసూత్రములు 1900లోనే మరల వెలుగులోనికి వచ్చియుండెను. తలిదండ్రు లిద్దఱినుండియు దోషము సంక్రమించిననే బయటపడు లక్షణము ఈ లెక్కకు సరిపోవునని విలియం బేట్సన్ చెప్పెను. 1902లో గారడ్ దీనిని ప్రకటించుచు, ప్రతి మనుష్యునకు ముఖమువలెనే రసాయనపు పొందికయు వేఱు వేఱుగ నుండునని సూచించెను. 1908లో ఉపన్యాసములుగా చెప్పి, 1909లో గ్రంథముగా వెలువరించెను. లోకము దానిని మెచ్చుకొని ప్రక్కన పెట్టినది. అతని ముగ్గురు కుమారులును మొదటి ప్రపంచయుద్ధకాలమునను, దాని వెన్నంటి వచ్చిన విషజ్వరమునను పోయిరి. ఆ మాటకు చరిత్రగ్రంథములు ఒక పంక్తికి మించి చోటీయవు.

మేనరికము మాట వచ్చినది కనుక ఒక ముక్క చెప్పవలయును. ఆంధ్రదేశమున మేనరికములును, మేనమామ–మేనకోడలి పెండ్లిండ్లును తరతరములుగా వచ్చుచున్నవి. 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడిన జె.బి.ఎస్. హాల్డేన్, గారడ్ చూపిన మార్గమును బాగుగా ఎఱిగినవాడు. పిఠాపురమున జన్మించిన ద్రోణంరాజు కృష్ణారావు ఆయన శిష్యుడై, మీరాఖాన్ అను సహచరునితో కలిసి, 1960 దశకారంభమున ఆంధ్రప్రదేశమునందలి దగ్గఱి పెండ్లిండ్లను లెక్కించి ప్రకటించెను. లండను పొత్తిగుడ్డలనుండి గోదావరి తీరపు పెండ్లిపందిళ్లవఱకు వచ్చిన తర్కము ఒకటియే.

గారడ్ చూచిన నలుపు మూత్రముతో ఆగదు. హోమోజెంటిసిక్ ఆమ్లమను ఆ పదార్థమును విఱుచు ఎంజైము ఆ రోగులలో పనిచేయదు. రక్తములో నిలువయై, ఏండ్లు గడచిన కొలది కీళ్లలోని మృదులాస్థిలో చేరి, దానిని నల్లగను పెళుసుగను చేయును. నడివయస్సునకు నడుము, మోకాళ్లు పట్టుకొనును. హార్వా అను ప్రాచీన ఈజిప్టు మమ్మీలో ఈ జాడలున్నట్లు 1977లో శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఎంజైము లేమిని 1958లో లాడు మొదలగువారు కాలేయములో నిరూపించిరి. జన్యువు 1996లో దొరికెను. 2020లో ఐరోపాలో మందునకు అనుమతి వచ్చెను. వంశములోని జన్యువు, రక్తములోని రసాయనము, కీలులోని నొప్పి – ఈ మూడు మెట్లును ఒకదాని వెంట నొకటి కంటికి కనబడు దృష్టాంతము ఇంతకంటె స్వచ్ఛమైనది నాకు తెలిసి లేదు. కాని అది అరుదైన రోగము. దవడకీలు నొప్పి సర్వసామాన్యము. సామాన్యమైన రోగమున ఒక్క జన్యువు, ఒక్క రసాయనము అన్ని చిక్కులను విప్పవు. అందుకే మిగిలిన కథ పొడవైనది.

మొదట రక్తమును కొలుచుట నేర్వవలసి వచ్చెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున ఆటో ఫోలిన్, చైనా దేశస్థుడైన వూ 1919లో కొలది రక్తముతో చక్కెర మొదలైనవానిని రంగునుబట్టి కొలుచు పద్ధతులను ఏర్పఱచిరి. ఆ విభాగమునకే మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు చేరెను.  సైరస్ ఫిస్కితో కలిసి 1925లో ఆయన ప్రకటించిన భాస్వర పరిమాణ పద్ధతి ప్రపంచములోని రసాయనశాలలన్నిటను వ్యాపించెను. రక్తములోనో, మూత్రములోనో భాస్వరమున్నచో నీలపు రంగు పుట్టును. నీలము చిక్కదనమునుబట్టి పరిమాణము తేలును. ఆ పద్ధతిని కండరమునకు ఉపయోగించినపుడు రంగు ఆలస్యముగా వచ్చుచుండెను. ఇతరులైన నది పరికరదోషమని వదలియుందురు. వా రిద్దఱును వదలక, 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును, 1929లో ఏటీపీ అను ప్రాణశక్తి భాండారమును వెలువరించిరి. దవడ బిగించిన కండరము అలసినపుడు తఱుగునదియు, విశ్రాంతిలో పూడునదియు ఆ ఫాస్ఫోక్రియాటినే. దవడనొప్పి చరిత్రలో సుబ్బారావు పేరు ఎవ్వరును చెప్పరు. చెప్పుట న్యాయమని నా యభిప్రాయము.

ఒక్కొక్క పదార్థమునకు ఒక్కొక్క పరీక్ష చేయుచున్నంతకాలము గారడ్ చెప్పిన రసాయనపు పొందికను మొత్తముగా చూచుట సాధ్యము కాలేదు. 1940 దశకమున మార్టిన్, సింజ్ అనువారు వడగట్టు కాగితముమీద పదార్థములను వేఱుపఱచు క్రోమటోగ్రఫీ నేర్పిరి. 1951లో టెక్సస్‌లో రోజర్ విలియమ్స్ ఆ కాగితములతోనే మనుష్యుల రసాయన చిత్రములను గీసిచూచెను. 1971లో లైనస్ పౌలింగ్ బృందము మనిషి ఊపిరిలో సుమారు 250, మూత్రపు ఆవిరిలో సుమారు 280 పదార్థములను వేఱుచేసి చూపెను. ఇట్లు శరీరమున తయారై, మాఱి, విఱిగి రక్తములో తిరుగు చిన్న పదార్థములనే నేడు మెటబొలైట్లనుచున్నారు; జీవక్రియలో పుట్టినవని యర్థము చెప్పుకొనవచ్చును. చక్కెర, యూరిక్ ఆమ్లము, కొవ్వు ఆమ్లములు, అమైనో ఆమ్లములు – ఇవి యన్నియు ఆ జాతివే.

మానవ జన్యుపటము 2003లో పూర్తియైన పిమ్మట ఈ రెండు విద్యలును కలిసినవి. 2008లో జర్మనీలో గీగర్ మొదలగువారు 284 మంది పురుషుల రక్తములో 363 పదార్థములను కొలిచి, వారి జన్యువులతో పోల్చి చూచిరి. 2014 నాటికి 7,824 మంది. 2023లో కెనడావారు 8,299 మందిలో 1,091 పదార్థములను, 309 నిష్పత్తులను లెక్కించిరి. ఎవరి రక్తములో ఏది హెచ్చుగానుండునో, ఏది తక్కువగానుండునో కొంతవఱకు పుట్టుకతోనే నిర్ణయమగుచున్నదని ఈ పరిశీలనలు తేల్చినవి. గారడ్ ఊహ నూఱేండ్లకు అంకెల రూపము దాల్చినది.

ఇక దవడయొద్దకు మరల వత్తము. 1950 దశకాంతమున జూలియస్ ఆక్సెల్‌రాడ్, అడ్రినలిన్ వంటి పదార్థములను విఱుచు ఒక ఎంజైమును కనుగొనెను. దానిని క్లుప్తముగా కాంట్ అందురు. 1970లో ఆయనకు నోబెల్ బహుమానము లభించెను. 2005లో అమెరికాలోని నార్త్ కరొలైనాలో లూడా డయాచెంకో బృందము 202 మంది ఆరోగ్యవతులైన స్త్రీల కాంట్ జన్యువును పరిశీలించి, ఒత్తిడి, వేడి మొదలగు బాధలకు వారి ఓర్పును కొలిచి, మూడేండ్లవఱకు కనిపెట్టియుండిరి. నొప్పికి ఓర్పునిచ్చు జన్యురూపము కలవారికి దవడకండరపు నొప్పి వచ్చు అవకాశము 2.3 రెట్లవఱకు తక్కువయని తేలెను. “మనస్సులోనిది” అనిపించుకొని వెనుదిరిగిన రోగులకు ఇది తొలి ఊఱట. నొప్పి తెలియుటలోని హెచ్చుతగ్గు కొంత నెత్తుటిలోనే వ్రాసియున్నదని రసాయనశాలయే పలికినది. తరువాత జరిగిన పెద్ద పరిశీలనలలో ఆ సంబంధము అంత స్పష్టముగా నిలువలేదు. ఒక్క జన్యువుపై పెట్టుకొన్న ఆశలకు తఱచు ఇదియే గతి.

ఆ పెద్ద పరిశీలనలలో ముఖ్యమైనది 2006లో అమెరికాలోని నాలుగు కేంద్రములలో ప్రారంభమైన ఒపెరా. పేరు సంగీతనాటకమును తలపించినను, ముఖపు నొప్పిని ముందుగా కనిపెట్టు ప్రయత్నమని దాని పొడియక్షరముల యర్థము. 18 మొదలు 44 ఏండ్ల వయస్సుగల, దవడనొప్పి లేని 3,263 మందిని చేర్చుకొని, వారిలో ఎవరికి నొప్పి వచ్చునో కాచి చూచిరి. కనిపెట్టగలిగిన 2,737 మందిలో 260 మందికి వచ్చెను; అనగా ఏటికి నూటికి 3.9 చొప్పున. నొప్పి వచ్చినవారిలో ముందునుండి ఇతరావయవముల నొప్పులు, అనారోగ్యములు హెచ్చుగా నుండెను. దవడనొప్పి దవడది మాత్రమే కాదు, మనిషి మొత్తమునది అని దీని తాత్పర్యము. 2019లో ఆ సమాచారముననుసరించి, మ్రాస్ అను జన్యువు పురుషుల దవడనొప్పితో సంబంధము కలిగియున్నట్లు ప్రకటించిరి.

కాని కారణమునకును, తోడుగా నుండుటకును భేదము కలదు. దవడనొప్పి గలవాని రక్తము తీసి చూచినచో నేదో యొక పదార్థము హెచ్చుగానో తగ్గుగానో యుండవచ్చును. దానివలన నొప్పి వచ్చినదా? నొప్పివలన అది మాఱినదా? నమలలేనివాడు పప్పులు, కూరలు మాని జావలు త్రాగును, పెరుగన్నము మ్రింగును, నిద్ర చాలదు, నొప్పిమాత్రలు వేసికొనును. ఇవి యన్నియు రక్తమును మార్చును. ఇంట దొంగతనము జరిగినపుడు అచ్చట నిలువబడి యున్నవాడెల్ల దొంగ కాడు. అఱపు విని పరుగెత్తి వచ్చిన ఇరుగుపొరుగువాడు కూడ కావచ్చును.

ఈ చిక్కునకు ఉపాయము 1986లో హాలండు శాస్త్రజ్ఞుడు మార్టిన్ కాటన్ ఒక చిన్న లేఖలో సూచించెను. కొలెస్టెరాల్ తక్కువగా నున్నవారికి కాన్సర్ హెచ్చుగా వచ్చుచున్నదని అప్పుడొక సందేహము. కొలెస్టెరాల్ తగ్గినందున కాన్సర్ వచ్చినదో, పైకి తేలని కాన్సర్ వలననే కొలెస్టెరాల్ తగ్గినదో! కొందఱికి పుట్టుకతో వచ్చిన జన్యురూపమువలన జీవితాంతము కొలెస్టెరాల్ తక్కువగా నుండును. తక్కువదనమే కారణమైనచో ఆ జన్యువుగలవారిలో కాన్సర్ హెచ్చుగా కనబడవలయును. జన్యువు రోగమునకు ముందే, గర్భములోనే నిర్ణయమైనది; రోగము దానిని మార్చజాలదు. తలిదండ్రులనుండి ఏ జన్యువు వచ్చుననునది చీట్లు వేసినట్లే జరుగును. పొలములోని మడులకు ఎరువులను చీట్లు వేసి పంచవలయునని ఫిషర్ చెప్పిన నియమమును ఇచ్చట ప్రకృతియే పాటించుచున్నది. ఆ ఫిషర్ వద్దనే కేంబ్రిడ్జిలో ఎలుకల జన్యువుల లెక్కలు కట్టి, గణాంకశాస్త్రమున విశ్వవిఖ్యాతినందిన మన తెలుగువాడు సి.ఆర్. రావు 2023లో, తన నూటరెండవ యేట పరమపదించెను. కాటన్ ఆలోచనను 2003లో ఇంగ్లండులోని బ్రిస్టలులో డేవీ స్మిత్, ఎబ్రహీమ్ అనువారు విస్తరించి శాస్త్రరూపమునకు తెచ్చిరి. మెండెలు పేరుతో మెండేలియన్ రాండమైజేషన్ అని దానిని వ్యవహరింతురు.

దాని బలము 2012లో లోకమునకు తెలిసివచ్చెను. మంచి కొలెస్టెరాల్ అని పేరుపడిన హెచ్‌డీఎల్ అధికముగా నున్నవారికి గుండెజబ్బు తక్కువ. కావున దానిని పెంచిన మేలు కలుగునని ఔషధములు తయారు చేసిరి. పుట్టుకతోనే హెచ్‌డీఎల్‌ను పెంచు జన్యువు గలవారిని లెక్కింపగా, వారికి గుండెపోటు తగ్గలేదు. దానిని పెంచు మందులలో ఒకటి 2006లో, మఱొకటి 2012లో పరీక్షలలోనే విఫలమయ్యెను. మంచివాడని పేరుపొందినది అచ్చట నిలువబడి యుండిన సజ్జనుడే గాని ఇల్లు కాపాడిన కావలివాడు కాదు.

2020 దశకమున ఈ పద్ధతినే దవడకీలునకు ప్రయోగించుచున్నారు. 2017లో ఆరంభించి 5,00,000 మంది జన్యుసమాచారమును కూర్చిన ఫిన్లండు వారి వైద్యపట్టికలు ఒక ప్రక్క, రక్తపదార్థముల జన్యుపట్టికలు మఱొక ప్రక్క ఉంచుకొని, ఏ పదార్థము దవడనొప్పికి కారణమగునో గుణించుచున్నారు. ఇట్టి పత్రములు వరుసగా వచ్చుచున్నవి. వానిని చదువువారు ఒక లెక్క మనస్సులో నుంచుకొనవలయును. కెనడావారి కొలతలు మొత్తము 1,400. నూటికి అయిదు తప్పులను ఓర్చుకొను సామాన్యపు గీటురాయిపై వీనిని వరుసగా గీచినచో, ఏ సంబంధమును లేకున్నను 70 పదార్థములు బంగారమువలె మెఱయును. కావున ఒకచోట మెఱసినది వేఱొక దేశమున, వేఱొక జనములో కూడ మెఱసినదాకా దానికి వెలకట్టరాదు. మఱియు ఒక జన్యువు ఒక్క పదార్థమునే కాక పదింటిని కదలించిన యెడల, నేరము దేనిదో తేలదు.

వీనిలో నాకు హెచ్చు విశ్వాసయోగ్యముగా తోచునది కొవ్వు ఆమ్లముల వరుస. 11వ క్రోమోజోముపైనున్న ఫాడ్స్ అను జన్యువులు, మనము తిను నూనెలను శరీరమున పొడవైన కొవ్వు ఆమ్లములుగా మార్చు ఎంజైములను తయారుచేయును. 2008 నాటి గీగర్ పరిశీలనలో స్పష్టముగా బయటపడినవానిలో అవి ముఖ్యమైనవి. పొద్దుతిరుగుడు వంటి నూనెలలో హెచ్చుగా నుండునది ఒమేగా–6; చేపలలో, అవిసెలలో నుండునది ఒమేగా–3. మొదటిదానినుండి వాపును, నొప్పిని రేపు పదార్థములు, రెండవదానినుండి వానిని చల్లార్చునవి తయారగును. ఒపెరా రక్తములనే పరిశీలించి, మొదటిదాని పాలు హెచ్చుగా నున్నవారిలో దవడనొప్పి హెచ్చుగా నున్నట్లు 2022లో ప్రకటించిరి. ఇది తోడుగా నుండుట మాత్రమే. కాని తలనొప్పి విషయమున ఒకడుగు ముందునకు వేసిరి: 2021లో 182 మంది మైగ్రేన్ రోగులకు 16 వారములు చీట్లు వేసి వేఱు వేఱు భోజనములు పెట్టగా, ఒమేగా–3 హెచ్చైన భోజనము చేసినవారికి తలనొప్పి దినములు తగ్గెను. దవడనొప్పికిని ఇట్లే భోజనము పెట్టి చూచుట యుక్తము. పన్ను అరగదీయుటకంటె నూనె మార్చి చూచుటలో నష్టము తక్కువ.

ఇంకొక మాట. ఈ పట్టికలలో నధికభాగము ఐరోపా సంతతివారి రక్తము. ఫాడ్స్ జన్యువుల రూపములే ఒక్కొక్క ఖండమున ఒక్కొక్క పాళ్లలో నున్నవి. ఫిన్లండు లెక్కను తెచ్చి కృష్ణాతీరపు మనిషికి అట్లే చెప్పరాదు. మన దేశమున 2020లో ప్రారంభమైన జీనోమ్ ఇండియా ప్రయత్నమున హైదరాబాదులోని సీసీఎంబీ కూడ పాలుపంచుకొన్నది. 83 జనసమూహములకు చెందిన సుమారు 10,000 మంది జన్యుసమాచారము 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటునకు వచ్చెను. అట్టి పట్టికలకు దవడకీలు కొలత చేర్చుట కష్టమైన పని కాదు. చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు చేర్చి, పై పండ్లకును క్రింది పండ్లకును నడుమ నిలువుగా ఉంచి చూడవలయును. సుమారు 40 మిల్లీమీటర్లు నోరు తెఱవగలవానికి ఆ మూడు వ్రేళ్లును పట్టును. రెండే పట్టినచో ఆ సంగతి వ్రాసికొని, నొప్పి యెన్నాళ్లనుండి యున్నదో అడిగి, పిమ్మట చేతినుండి రక్తము తీయవలయును.